అన్నయ్య అప్పుకీ నీ ఫైట్‌కీ ముడిపెట్టకు

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. విశాఖలో ఉంటాం. స్కూల్లో ఉన్నప్పటి నుంచి బాక్సింగ్ చేస్తున్నాను. రాష్ట్ర స్థాయిలో పతకాలు వచ్చాయి గానీ నేషనల్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాటలేదు. ఈమధ్య ఒక మేనేజర్ పరిచయమయ్యాడు. ప్రొఫెషనల్‌గా మారితే వచ్చే నెలలోనే నాలుగు రౌండ్ల ఫైట్ ఇప్పిస్తానంటున్నాడు. ‘ఈ వయసు దాటితే నిన్నెవరూ చూడరు’ అంటాడు. మా కోచ్ మాత్రం ‘ఇంకో రెండేళ్లు అమెచ్యూర్‌లో (డబ్బు కోసం కాకుండా పతకాల కోసం ఆడే పోటీల్లో) అనుభవం సంపాదించు, అప్పుడు చూద్దాం’ అంటారు. నాన్న లేరు. అన్నయ్య వెల్డింగ్ పని చేసి ఇల్లు నడుపుతున్నాడు. పోయినేడాది నా క్యాంప్ ఖర్చులకీ, భుజం స్కానింగ్‌కీ వదిన నానుతాడు తాకట్టు పెట్టాడు. కొన్ని నెలలుగా నాతో పెద్దగా మాట్లాడటం లేదు. కుర్ర బాక్సర్‌కి వయసు ముఖ్యమా, అనుభవం ముఖ్యమా? మీరే చెప్పాలి.

జవాబు: నువ్వడిగిన దానికి ముందే జవాబు చెప్పేస్తాను బాబూ. అందులో పెద్ద చిక్కేమీ లేదు.

ఇరవై ఏళ్లకే వయసు దాటిపోతుందని భయపెట్టేవాడు నీ మంచి కోరి చెప్పడం లేదు. మన విజేందర్ సింగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ప్రొఫెషనల్‌గా మొదటి ఫైట్ ఆడింది 2015లో, ముప్ఫై ఏళ్లు నిండబోతుండగా. అక్కణ్ణుంచి వరసగా 12 గెలిచాడు. అమెరికా బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ అయితే పదేళ్లు ఆట మానేసి తిరిగొచ్చి, 1994లో 45 ఏళ్ల వయసులో మళ్లీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అందరూ ఫోర్‌మన్‌లు కాలేరు, నిజమే. కానీ నీకు రెండేళ్లు ఆగే వ్యవధి నిక్షేపంగా ఉంది.

అనుభవం సంగతీ మీ కోచ్ ఒక్క మాటలో చెప్పినంత తేలిక కాదు. 2013లో అమెరికా బాక్సర్ మేవెదర్‌తో తలపడినప్పుడు మెక్సికో బాక్సర్ కనేలో అల్వారెజ్‌కి 23 ఏళ్లు, మేవెదర్‌కి 36. పదిహేనో ఏటే ప్రొఫెషనల్ అయిన కనేలో అప్పటికే 43 ఫైట్లు ఆడాడు, మేవెదర్ 44. లెక్క దాదాపు సమానమే, గెలిచింది మాత్రం మేవెదర్. ఉక్రెయిన్ బాక్సర్ లొమచెంకో అమెచ్యూర్‌లో దాదాపు 400 బౌట్లు ఆడి, ఒకే ఒక్కటి ఓడి, రెండు ఒలింపిక్ స్వర్ణాలతో వచ్చాడు. అలాంటివాడు కూడా ప్రొఫెషనల్‌గా రెండో ఫైట్‌లోనే సలీడో అనే పాతకాపు చేతిలో ఓడిపోయాడు. మూడో ఫైట్‌కే ప్రపంచ టైటిల్ కొట్టగలిగాడంటే, చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న ఆట ఎక్కడికీ పోలేదు కాబట్టి. ఎన్ని ఆడావన్నదాని కంటే ఎవరితో ఆడావు, ఎన్ని దెబ్బలు తప్పించుకోవడం నేర్చావన్నది చూడాలి. నేషనల్స్‌లో క్వార్టర్స్ దాటనివాడికి నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. మీ కోచ్ మాట విను.

ఇక నీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసిన విషయానికి వస్తాను.

మేనేజర్ ఏమన్నాడో రాశావు. కోచ్ ఏమన్నారో రాశావు. అన్నయ్య అన్న మాట ఒక్కటి కూడా లేదు. నిన్ను పెంచినవాడు, నీ కోసం పెళ్లాం మెడలోంచి నానుతాడు తీయించినవాడు ఈ విషయంలో ఏమనుకుంటున్నాడో నీకు తెలియదు. ఎందుకంటే నువ్వు అడగలేదు. మాట్లాడటం లేదని అన్నయ్య మీద పెట్టేశావు గానీ, నువ్వు వెళ్లి ఎన్నిసార్లు పలకరించావో రాయలేదు. అన్నయ్య పనిలోంచి వచ్చే వేళకి నువ్వు జిమ్‌లో ఉంటున్నావా? ఆయన తినేసి పడుకున్నాక ఇంటికి చేరుతున్నావా? అన్నదమ్ములు ఇలా తప్పించుకు తిరిగే ఇళ్లు నేను చాలా చూశాను. ఒకే అన్నం రెండు వేళల్లో ఇద్దరికీ విడివిడిగా వడ్డించేది ఆ ఇంటి కోడలే. ఇక్కడ ఆ పని చేస్తున్నది పసుపుతాడుతో తిరుగుతున్న మీ వదిన. పేరంటానికి వెళ్తే నలుగురూ ముందు మెడే చూస్తారు. అక్కడ ఆవిడ ఏం చెప్పుకుంటోందో ఎప్పుడైనా ఆలోచించావా?

నీకు వయసు గురించీ అనుభవం గురించీ అంత అనుమానం ఉందని నేననుకోను. ఆ తాకట్టు నిన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒక్క ఫైట్ ఆడి, డబ్బు తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టేస్తే మళ్లీ తలెత్తుకుని తిరగొచ్చని చూస్తున్నావు. రుణం ఉంచుకోకూడదన్న నీ పట్టుదల నాకు నచ్చింది. తీర్చాలనుకున్న పద్ధతి మాత్రం తప్పు.

విల్‌ఫ్రెడ్ బెనితెజ్ అని ప్యూర్టోరికో బాక్సర్. తండ్రే శిక్షణ ఇచ్చాడు, పదిహేనో ఏటే ప్రొఫెషనల్‌గా దించారు. 1976లో 17 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ టైటిల్ గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. మూడు వెయిట్ విభాగాల్లో టైటిళ్లు గెలిచాడు. దెబ్బ తగలకుండా తప్పుకోవడంలో అతని పేరే ముందు చెప్పేవాళ్లు. అలాంటివాడికీ ఆఖరికి మెదడు దెబ్బతింది. సంపాదన మిగల్లేదు. తన పనులు తాను చేసుకోలేని స్థితిలో పడితే ఏళ్ల తరబడి తల్లి చూసుకుంది, తల్లి పోయాక తోబుట్టువు చూసుకుంది. రింగ్‌లో తిన్న దెబ్బలకి ఇంట్లో ఆడవాళ్లు చాకిరీ చేశారు. మీ ఇంట్లో అలాంటి రోజు వస్తే ఆ పని ఎవరి మీద పడుతుందో నీకు తెలుసు. నానుతాడు విడిపించి ఆవిడకి అప్పగించాల్సింది ఇదా?

ఆ ఫైట్ సంగతి కూడా కాస్త చూడు. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లకి అలవాటు పడ్డ ఒంటితో నాలుగో రౌండ్‌లో నిలబడాలి. తక్కువ బరువు విభాగాల్లో 10 ఔన్సుల గ్లవ్ బదులు 8 ఔన్సులది వేసుకుంటారు, దెబ్బ తేడా నీకే తెలుస్తుంది. నేషనల్స్‌లో పెద్ద పేరు రాని కుర్రాణ్ణి నెల రోజుల వ్యవధిలో ఎందుకు పిలుస్తున్నారు? పైకి తీసుకురావాలనుకున్న ఇంకో బాక్సర్‌కి రికార్డులో ఒక గెలుపు కావాలి. ఆ ఓడిపోయేవాడి స్థానం నీకు ఇస్తున్నారేమోనని నా అనుమానం. వచ్చే డబ్బులోంచి మేనేజర్ వాటా, ప్రయాణం, మెడికల్ పరీక్షల ఖర్చు తీసేసి కాగితం మీద లెక్క వేసుకో. దానితో నానుతాడు బయటికి వస్తుందా? రైల్వే, పోలీస్ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి నేషనల్స్ పతకం పనికొస్తుంది. ఈ ఫైట్ అక్కడ ఎందుకూ కొరగాదు.

భుజం స్కానింగ్ అని రాసి వదిలేశావు. ఏం తేలింది? నయమైందా? నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయంతో ఆట ఆపాల్సి వచ్చింది. సీనియర్స్‌లో ప్రపంచ టైటిల్ గెలిచింది 2022లో, మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది. మధ్యలో పదకొండేళ్లు పోయాయి. చుట్టుపక్కల వాళ్లు ఎన్ని మాటలన్నా ఆ తండ్రి కూతురి పక్కనే నిలబడ్డాడు. నీకు తండ్రి స్థానంలో ఉన్నది అన్నయ్య. ఆయన్ని దాటుకుని మేనేజర్ చెయ్యి పట్టుకుంటే నీ వెనక ఎవరుంటారు?

ఈ ఆదివారం జిమ్‌కి వెళ్లకు. అన్నయ్యతో కలిసి భోజనానికి కూర్చో. ఏడుపులూ క్షమాపణలూ అక్కర్లేదు. తాకట్టు రసీదు ఎక్కడుందో, వడ్డీ ఎంత అయిందో అడుగు. వచ్చే నెల నుంచి వడ్డీ నేను కడతానని చెప్పు. ఇరవై ఏళ్లవాడివి, ఒంట్లో సత్తువ ఉన్నవాడివి, పూట పని చేసుకోవడం నామోషీ కాదు. పొద్దున్న పిల్లలకి బాక్సింగ్ నేర్పించు, సాయంత్రం ప్రాక్టీస్ చేసుకో. డెలివరీ పని దొరికితే చెయ్యి. ఇంటికి నెలనెలా ఎంతో కొంత తెచ్చే తమ్ముడితో ఏ అన్నయ్యా మాటలు మానెయ్యడు. ఆయన మౌనం నీ మీద కోపమని నువ్వనుకుంటున్నావు. భార్యకి ఇచ్చిన మాట తప్పానన్న చిన్నతనం కావచ్చు. నీ భుజం గురించి భయం కావచ్చు. అడిగితే గానీ తెలియదు.

వదినతో విడిగా మాట్లాడు. నానుతాడు ఇవ్వమని మీ ఇద్దరిలో ఎవరైనా ఆవిడని నోరు తెరిచి అడిగారో లేదో నాకు తెలియదు. ఇంటి కష్టానికి ఒంటి మీది బంగారం తీసివ్వడం మన ఇళ్లలో ఆడవాళ్లు చేస్తూ వచ్చిందే. దాన్ని వాళ్ల విధిగా లెక్కేసి ఊరుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. ఎప్పటికల్లా విడిపిస్తావో ఒక గడువు చెప్పు, ఆ గడువుకి కట్టుబడు.

తర్వాత అన్నయ్యని మీ కోచ్ దగ్గరికి తీసుకెళ్లు. భుజం రిపోర్టు వెంట ఉండాలి. ముగ్గురూ కూర్చుని రెండేళ్లకి ఏ పోటీలు ఆడాలో అనుకోండి. అన్నీ విన్నాక కూడా ప్రొఫెషనల్‌గా వెళ్లాలనే అనిపిస్తే వెళ్లు, నేను కాదనను. అయితే ఆ మేనేజర్‌తో నువ్వొక్కడివే మాట్లాడకు, అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకో. ఎదుటి బాక్సర్ ఎవరు, వాడి రికార్డు ఏమిటి, దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు, కాంట్రాక్టు ఎన్నేళ్లు, నీ డబ్బులో ఆయన వాటా ఎంత? ఇవన్నీ కాగితం మీద రాసిమ్మను. అన్నయ్య ఎదుట ఇవి చెప్పడానికి నసిగితే సంతకం పెట్టకుండా లేచి వచ్చెయ్యండి.