చిట్టీకి పెద్దమ్మ రాసేది: జీడిపప్పు వేయించే సంగతి

చిట్టీ,

రథయాత్రకి చుట్టాలొస్తారని వేయించిన జీడిపప్పు సగం మాడిందనీ, మిగతాది మూడోనాటికి మెత్తబడిందనీ చెప్పావు. ఫోన్లో చెప్పింది నీకు గుర్తుండదు, అందుకే పర్లాకిమిడి నుంచి కాగితం మీద పెడుతున్నాను.

ముందు పప్పు సంగతి. మీ రాయగడ బజారులో 320 నంబరు గుండు తెచ్చుకో, చాలు. పౌనుకి సుమారు అన్ని పప్పులు తూగుతాయని ఆ నంబరుకి అర్థం. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దదే. 180 నంబరు కొని దానికి కారం పూయడం నా లెక్కలో దండగ. నాకు పలాస దగ్గర కాబట్టి అక్కడి నుంచే తెప్పించుకుంటాను. బద్దలైనా రుచికి లోటుండదు గానీ, గుండూ బద్దా కలిపి వేయించకు. గుండు వేగేలోగా బద్ద మాడుతుంది. నీ కళాయిలో జరిగింది అదే అనుకుంటా.

కొండల మీంచి ఎవరైనా జీడిపిక్కలు తెచ్చిస్తే మాత్రం ఇంట్లో కాల్చే పని పెట్టుకోకు. పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, ఆ పొగ కూడా మంచిది కాదు. చిన్నప్పుడు మేం పెరట్లో చితుకుల మంట వేసి కాల్చి, రాయితో కొట్టి తినేవాళ్లం. ఒకసారి నా పెదాలు పొక్కి వారం రోజులు గంజే గతయింది. మీ అమ్మ నన్ను చూసి ఒకటే నవ్వు, మర్నాడు తన వేళ్లు పొక్కేదాకా.

పావుకిలో పప్పుకి ఒక చెంచా నెయ్యి. అడుగు మందంగా ఉన్న కళాయి, మంట సిమ్‌లోనే. 8 నుంచి 10 నిమిషాలు చెయ్యి ఆపకుండా కలుపు, ఫోన్ మోగినా సరే. పప్పు లోపలంతా నూనే కదా, దింపాక కూడా ఆ వేడికి వేగుతూనే ఉంటుంది. నీకు కావలసిన రంగు పొయ్యి మీదే వచ్చిందంటే పళ్లెంలోకి వెళ్లాక అది మాడినట్టే. ఇంకో నిమిషం ఉంచితే బాగుండును అనిపించినప్పుడే వెడల్పాటి పళ్లెంలోకి వంచెయ్యి. కళాయిలో వదిలేసి పొయ్యి ఆపితే సరిపోదు, కళాయి వేడి ఎక్కడికీ పోదు. వేడి మీద కొరికి, మెత్తగా ఉందని మళ్లీ పొయ్యెక్కించకు. చల్లారితేనే కరకరలాడుతుంది.

కారం పొయ్యి మీద వేస్తే చేదెక్కుతుంది, ఇల్లంతా దగ్గుతుంది. పళ్లెంలోకి వంచాక, నెయ్యి తడి ఆరకముందే, అర చెంచా కారం, అర చెంచా మెత్తటి ఉప్పు, చిటికెడు మిరియాల పొడి చల్లి కలుపు. గళ్ళుప్పు వేస్తే అడుక్కి జారిపోతుంది. కరివేపాకు ముందే విడిగా గలగలలాడేలా వేయించి పెట్టుకో. పచ్చి వెల్లుల్లి దంచి వేశానన్నావు చూడు, పప్పు మెత్తబడింది ఆ తడి వల్లే. నిమ్మరసం కూడా వద్దు, పులుపు కావాలంటే ఆమ్‌చూర్, అదే ఎండు మామిడి పొడి, వెయ్యి.

ముఢీలో, అదే మరమరాల్లో, కలుపుకోవడానికైతే వేరుశనగ పిక్కలే మేలు, జీడిపప్పు అందులో వృథా. వాటికి నెయ్యీ అక్కర్లేదు. రెండు చెంచాల నీళ్లలో ఉప్పు కరిగించి చిలకరించి, కాసేపు ఆరనిచ్చి, 15 నిమిషాలు సన్నటి మంట మీద వేయించు. ముడుచుకుపోయినవీ, బూజు వాసన వచ్చేవీ ముందే ఏరి పారెయ్యి. అవి ఒంటికీ మంచివి కావు.

ఇది వానాకాలం. గోరువెచ్చగా ఉన్నా డబ్బాకి ఎత్తకు, మూతకి చెమట పట్టి మళ్లీ మొదటికొస్తుంది. డబ్బా సగమయ్యాక చిన్న డబ్బాలోకి మార్చు, తడి చెయ్యి పెట్టనివ్వకు. మీ అత్తగారికి కారం పడదు కదా, ఆవిడ కోసం బద్దలు ఉప్పు మాత్రమే వేసి విడిగా తీసిపెట్టు. ముందు ఆవిడకిచ్చాకే మిగతావాళ్లకి.

మీ పెద్దమ్మ