అమ్మాయి సెయిలింగ్ అంటోంది, చదువు ఏమవుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు. ఐటీ ఉద్యోగం వల్ల ఆరేళ్లుగా నెదర్లాండ్స్‌లోని అల్మేరేలో ఉంటున్నాం. మా అమ్మాయికి పదమూడేళ్లు, యూనివర్సిటీకి దారితీసే హైస్కూల్ కోర్సు వీడబ్ల్యూఓలో రెండో ఏడు చదువుతోంది. చిన్నప్పటి నుంచి ఆప్టిమిస్ట్ అనే పిల్లల తెరచాప బోటు నడుపుతోంది. పెద్ద పోటీలకు పంపమని కోచ్ అంటున్నారు. తనేమో డచ్ సెయిలర్ మారిట్ బౌమేస్టర్‌లా అవుతానంటోంది. చదువు పాడవుతుందని వాళ్లమ్మకు టెన్షన్. వద్దని చెప్పెయ్యాలా?
- ఒక తండ్రి

జవాబు: వద్దనకండి. అలాగని రేపే కొత్త బోటు కొనెయ్యమనీ అనను. చదువా, సెయిలింగా అన్నది ఇప్పుడు తేల్చాల్సిన విషయం కాదు. మీరున్న దేశంలో పద్దెనిమిదేళ్ల వరకు ఆ రెండూ కలిసి నడుస్తాయి. మీరు ముందుగా ఆలోచించాల్సింది వేరే ఉంది, దానికి వస్తాను.

మీ అమ్మాయి మెచ్చుకున్న మనిషి సంగతి మొదట చూద్దాం. బౌమేస్టర్ 1988లో ఫ్రీస్‌లాండ్‌లోని వార్టెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 2011లో లేజర్ రేడియల్ అనే బోటు విభాగంలో ప్రపంచ విజేత. 2012 ఒలింపిక్స్‌లో రజతం, 2016లో రియోలో స్వర్ణం, టోక్యోలో కాంస్యం. 2022లో తల్లయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ జరిగిన మార్సెయ్‌లో మళ్లీ స్వర్ణం కొట్టారు. అప్పటికి వయసు 36. ఈ సంగతి మీ శ్రీమతికి తప్పక చెప్పండి. ఈ ఆటలో అంత దూరం వెళ్లడానికి టైం ఉంది, అందుకోసం స్కూలు వదులుకోవాల్సిన తొందర లేదు.

లేజర్ రేడియల్‌నే ఇప్పుడు ఐఎల్‌సీఏ 6 అంటున్నారు. నాలుగు మీటర్లకు కాస్త పైన పొడవుండే బోటు, ఒక్క మనిషి, ఒక్క తెరచాప. గాలి గట్టిగా వీస్తే బోటు ఒక పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి పాదాలు రెండూ లోపలి పట్టీ కింద దూర్చి, ఒళ్లంతా అంచు బయటికి వాల్చాలి. దీన్ని హైకింగ్ అంటారు. తొడలు మండిపోతుంటాయి, నీళ్లు ముఖాన కొడుతుంటాయి. అలా ఉండగానే గాలి ఎటు మళ్లుతోందో, పక్క బోట్లు ఎటు తిరుగుతున్నాయో లెక్క వేసుకోవాలి. పాయింట్ల పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. మొదటి స్థానానికి ఒకటి, పదో స్థానానికి పది. మొత్తం తక్కువ వచ్చినవాళ్లదే గెలుపు. ఒకరోజు మొదటి స్థానం, మర్నాడు ముప్పయ్యో స్థానం తెచ్చుకునేవాళ్ల కన్నా ప్రతి రేసులో నాలుగో ఐదో వచ్చేవాళ్లే పైకొస్తారు. మీ అమ్మాయి పాత పోటీల రిజల్ట్ షీట్లు తీసి ఈ నిలకడ ఉందో లేదో చూడండి. నేనైతే కోచ్ మెప్పు కన్నా ఆ కాగితాలనే ఎక్కువ నమ్ముతాను.

చదువు విషయం. అక్కడ కొన్ని హైస్కూళ్లకు ‘టాప్‌స్పోర్ట్ టాలెంట్ స్కూల్’ అనే గుర్తింపు ఉంది. ఆటలో ప్రతిభ ఉందని గుర్తించి ఇచ్చే టాలెంట్ హోదా వచ్చిన పిల్లలకు ఆ స్కూళ్లు క్లాసుల్లో, పరీక్ష తేదీల్లో వెసులుబాటు ఇస్తాయి. అవసరమైతే ఫైనల్ పరీక్షలు రెండేళ్లకు విడదీసి రాయనిస్తాయి కూడా. అంతమాత్రాన పరీక్ష తేలికైపోదు, సర్టిఫికెట్ విలువ తగ్గదు. ఖర్చు మాత్రం అన్నాళ్లూ మీదే: బోటు, తెరచాపలు, బోటును కారు వెనక లాక్కెళ్లే ట్రైలర్, చలికాలంలో స్పెయిన్ ప్రయాణాలు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయి చేరి ‘ఏ’ హోదా తెచ్చుకున్నవాళ్లకు, వేరే ఆదాయం చాలకపోతే, బతకడానికి సరిపడే స్టైపెండ్ ఉంటుంది. అక్కడిదాకా వెళ్లేది కొందరే.

ఇప్పుడు అసలు విషయం. ఒలింపిక్ సెయిలింగ్‌లో ఒక్కో విభాగానికి దేశానికి ఒక్క బోటే. నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ దీవికి చెందిన డోరియాన్ వాన్ రైసెల్‌బర్గ్ విండ్‌సర్ఫింగ్‌లో 2012, 2016 రెండింట్లోనూ స్వర్ణం గెలిచాడు. టోక్యోకు మాత్రం తనతో కలిసి సాధన చేసిన కిరాన్ బాద్లూ వెళ్లాడు, స్వర్ణంతో తిరిగొచ్చాడు. రెండు స్వర్ణాలున్నవాడికే చోటు దొరకలేదంటే డచ్ జట్టులో పోటీ ఎంతో మీరే ఊహించుకోండి.

పైగా ఏ దేశం తరఫున దిగాలన్నా ఆ దేశ పౌరసత్వం ఉండాలి. మీ అమ్మాయి పాస్‌పోర్ట్ ఇప్పుడేది? డచ్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డుతో భారత జట్టులో చోటు రాదు. భారత పాస్‌పోర్టే ఉంచుకుంటే భారత్‌లో పోటీ తక్కువే, అవకాశం నిజంగానే ఉంది. మన దేశం నుంచి తొలిసారి ఒలింపిక్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన మహిళ చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్, అది కూడా 2021లోనే. కానీ అప్పుడు డచ్ జాతీయ శిక్షణ దారి మూసుకుపోవచ్చు. ఒక దేశం తరఫున ప్రపంచ పోటీల్లో దిగి, తర్వాత మరో దేశం తరఫున ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి. పౌరసత్వం గురించి మీ ఇంట్లో ఏదో ఒక ఆలోచన నడుస్తూనే ఉంటుంది. ఆ మాటల్లో ఈ లెక్క కూడా కలపండి, అమ్మాయిని కూర్చోబెట్టుకుని మరీ.

ఒలింపిక్స్ దాకా వెళ్లకపోయినా ఈ విద్య వృథా కాదు. డచ్ సెయిలర్ కారొలైన్ బ్రౌవర్ సముద్రం మీద ప్రపంచాన్ని చుట్టొచ్చే 2017-18 వోల్వో ఓషన్ రేసును గెలిచిన జట్టులో ఉన్నారు. డెల్ఫ్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో నౌకా ఇంజినీరింగ్ ఉంది. లెక్కలు, ఫిజిక్స్ బాగా చదివే వీడబ్ల్యూఓ పిల్లకు అది సహజమైన దారి.

ఆప్టిమిస్ట్ పదిహేనేళ్ల దాకానే. ఈ ఏడాదే సెకండ్‌హ్యాండ్ ఐఎల్‌సీఏ 4 (ఐఎల్‌సీఏ 6 లాంటి బోటే, తెరచాప చిన్నది) చూడండి, పాత వస్తువులు అమ్మే డచ్ సైట్ మార్క్‌ట్‌ప్లాట్స్‌లో దొరుకుతాయి. టాలెంట్ హోదాకు ఏ పోటీల ఫలితాలు చూస్తారో క్లబ్ ద్వారా డచ్ సెయిలింగ్ సమాఖ్యను రాతపూర్వకంగా అడగండి. స్కూల్ మెంటార్‌తో మీ శ్రీమతిని మాట్లాడించండి, ఆవిడ అనుమానాలు ఆవిడే అడగనివ్వండి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు తేదీలు కుదిరితే హుస్సేన్‌సాగర్‌లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు తీసుకెళ్లండి. భారత్ తరఫున దిగాలంటే ఎవరితో పోటీ పడాలో అక్కడ తను కళ్లారా చూస్తుంది.