కడిగిన విత్తనం కూడా పాజిటివ్ ఎందుకొస్తుంది?

ప్రశ్న: ఐరోపాకు పంపే సంకర టమాట విత్తనం ఒక కంపెనీ కోసం పండిస్తున్నాం. కాయ నుంచి తీయగానే ట్రైసోడియం ఫాస్ఫేట్ మందు నీళ్లతో కడిగాం. ఒక ల్యాబ్ వెయ్యి గింజలు చూసి, కాయల మీద గోధుమ మచ్చలు, ముడతలు తెచ్చే బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ లేదంది. ఇంకో ల్యాబ్ పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేసి ఉందంది. ఎవరిని నమ్మాలి? రిఫరెన్స్ ల్యాబ్ తేల్చగలదా?
– విత్తన రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఇద్దరి మాటా నిజమే కావచ్చు. లాట్‌లో, అంటే ఒకే విడత విత్తనంలో, మూడు వేల గింజలకు ఒక్కటి సోకిందనుకోండి. వెయ్యి గింజలు తీస్తే సోకిన గింజ చేతికి రాకపోయే అవకాశం 70 శాతం పైనే. 3,000 తీసినా 37 శాతం ఉంటుంది. అందుకే 3,000 గింజలను వెయ్యేసి చొప్పున మూడు భాగాలుగా నూరి చూస్తారు. మూడూ నెగెటివ్ వస్తే సోకినవి 0.1 శాతం లోపేనని 95 శాతం భరోసాతో చెప్పొచ్చు. అసలు లేవని కాదు.

ఇక కడగడం. ఈ వైరస్ ఎక్కువగా గింజ పొట్టు మీదే ఉంటుంది, ఒక్కోసారి పొట్టు కిందికీ దిగుతుంది. మందు నీళ్లు పైనున్న వైరస్ కోరలు తీస్తాయి, కానీ దాని ఆర్‌ఎన్‌ఏ (జన్యు పదార్థం) ముక్కలు మిగిలిపోతాయి. పీసీఆర్‌కు వైరస్ బతికుందా, చచ్చిందా అనే తేడా తెలియదు. ముక్క దొరికితే పాజిటివే.

మిగతా ల్యాబ్‌లకు ప్రమాణంగా నిలిచే రిఫరెన్స్ ల్యాబ్ పని ఇక్కడే. అక్కడ నిర్ధారించిన వైరస్ నమూనాలు భద్రంగా ఉంటాయి. వైరస్ జన్యువులో రెండు వేర్వేరు చోట్లను పట్టే పరీక్షలు నడిపి, దొరికిన ముక్క వరుస చదివి, అది ఈ వైరసా లేక దాని దగ్గరి చుట్టం టమాట మొజాయిక్ వైరసా అని తేలుస్తారు. ఎలీసాలో (వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్షలో) ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం ఉంది. వైరస్ బతికుందో లేదో చూడాలంటే గింజల రసాన్ని కార్బోరండం అనే గరుకు పొడి చల్లిన జాంథి రకం పొగాకు ఆకులకు రుద్దుతారు. బతికుంటే వారం లోపు చిన్న గోధుమ మచ్చలు పడతాయి. గది వేడి 28 డిగ్రీలు దాటితే మచ్చలు సరిగా రావు. మొజాయిక్ వైరస్‌కూ ఇలాంటి మచ్చలే పడతాయి కాబట్టి మచ్చ పడ్డ ఆకును మళ్లీ పీసీఆర్‌కు పెట్టాలి. అయితే కొనే దేశం పీసీఆర్‌నే ప్రమాణంగా పెట్టుకుంటే, మచ్చలు రాకపోయినా లాట్ కదలదు.

మొక్కల తెగుళ్లు, పురుగుల కోసం ఐరోపా సమాఖ్య 2019లో ఐదు విభాగాలకు రిఫరెన్స్ ల్యాబ్‌లను ప్రకటించింది. వైరస్‌ల విభాగాన్ని నెదర్లాండ్స్, ఇటలీ, స్లొవేనియా సంస్థలు కలిసి చూస్తాయి. మీ ప్యాకెట్ నేరుగా తీసుకుని పరీక్షించడం వాటి పని కాదు. సభ్యదేశాల ల్యాబ్‌లకు ఏముందో చెప్పకుండా నమూనాలు పంపి, ఎవరు సరిగ్గా పట్టారో చూస్తాయి. మీ సంగతి కంపెనీ, క్వారంటైన్ అధికారుల ద్వారానే నడవాలి.

ప్రశ్న: నమూనా ఎంత, ఎలా పంపాలి?
– నర్సరీ యజమాని, మదనపల్లె

జవాబు: 3,000 టమాట గింజలంటే సుమారు 10 గ్రాములు, మిరపైతే 15–20 గ్రాములు. మళ్లీ పరీక్ష అవసరం పడొచ్చు కాబట్టి దానికి రెట్టింపు తీయండి. ఒకే సంచి పైనుంచి కాక అన్ని సంచుల్లో పైన, నడుమ, అడుగున తీసి కలపండి. సగం సీలు వేసి మీ దగ్గర ఉంచుకోండి. మందు పట్టించక ముందు, రంగు పూత వేయక ముందు తీసిన గింజలే పంపాలి. పూత రసాయనాలు పీసీఆర్‌ను అడ్డుకుని, ఉన్న వైరస్‌నూ కనపడనివ్వవు. ఇది పట్టడానికే మంచి ల్యాబ్ నూరిన రసంలో తెలిసిన వేరే వైరస్‌ను కొద్దిగా కలుపుతుంది. అదీ కనపడకపోతే నెగెటివ్ చెల్లదు. రిపోర్టులో ఆ వివరం ఉందో లేదో అడగండి.

ప్రశ్న: వైరస్‌ను అక్కడికక్కడే చూసే పరీక్ష పట్టీ (స్ట్రిప్)తో గింజల్ని మేమే చూసుకోవచ్చా?
– రైతు, గుంటూరు జిల్లా

జవాబు: వద్దు. స్ట్రిప్ లక్షణాలున్న లేత చిగురాకుకే పనికొస్తుంది. గింజల్లో ఉండే కొద్దిపాటి వైరస్ దానికి అందదు.