ఎలక్ట్రాన్ పాఠం దగ్గర ఆగిపోయిన మనవరాలికి

చిట్టితల్లీ,

ఎలక్ట్రాన్ కణమా, తరంగమా అన్నది తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ ప్రశ్నను కొన్నాళ్ళు పక్కన పెట్టు. నేనూ చాలా ఏళ్ళు తరగతిలో "ఒకప్పుడు కణం, ఒకప్పుడు తరంగం" అని చెప్పి తప్పించుకున్నవాణ్ణే. అలా చెబితే ఎలక్ట్రాన్ పూటకో వేషం వేస్తుందనుకుంటారు పిల్లలు. అది నా తప్పే.

ముందు తెర మీద ఏం పడుతోందో చూడు. 1989లో జపాన్‌లో అకిరా తోనోమురా బృందం తీసిన ఫొటోలు వరసగా పెట్టుకో. ఎలక్ట్రాన్లను రెండు సన్నని చీలికల గుండా పంపి, అవి తెర మీద ఎక్కడ పడతాయో చూసే ప్రయోగం ఉందే, అలాంటిదే ఇది. చీలికల పనిని అక్కడ విద్యుదావేశం ఎక్కించిన సన్నని తీగ చేసింది. దానికి అటొక దారి, ఇటొక దారి. ఎలక్ట్రాన్లు ఎంత పలచగా వచ్చాయంటే, పరికరంలో ఒకేసారి రెండు ఉండటం చాలా అరుదు. ప్రతిదీ ఒకే ఒక్క చుక్కగా పడింది. అర చుక్క ఎక్కడా లేదు. మొదట్లో ఆ చుక్కలు ఇసుక చల్లినట్టు ఉంటాయి. వేలల్లోకి వెళ్ళేసరికి చారలు తేలతాయి. ఒకదాన్నొకటి నెట్టుకుని చారలు కట్టాయనడానికి వీల్లేదు, పక్కన రెండోది లేదుగా!

అసలు చిక్కు చారల మధ్య చుక్కలు పడని నల్ల చార దగ్గరుంది. ఒక్క దారే తెరిస్తే అక్కడ ఎలక్ట్రాన్లు పడతాయి. రెండూ తెరిస్తే పడవు. దారి పెంచితే రాక తగ్గడమేమిటి? నువ్వు పుస్తకం మూసి ఆలోచించాల్సింది దీని గురించే. లెక్క మాత్రం తేలికే: ఒక్కో దారికి ఒక ఆంప్లిట్యూడ్ (తరంగం ఎత్తుపల్లాల్లా ఒకదాన్నొకటి రద్దు చేసుకోగల సంఖ్య) రాయి, ముందు కూడు, తర్వాతే వర్గం చెయ్యి. వర్గాలు చేసి కూడితే చారలు రావు. ఆ వర్గాన్ని సంభావ్యతగా చదవాలని 1926లో మాక్స్ బార్న్ చెప్పాడు. ఏ దారిన వెళ్ళిందో తెలిసేలా గుర్తు పెడితే మళ్ళీ విడివిడి వర్గాల కూడికే, చారలు మాయం. చూసేవాడి మనసుకీ దీనికీ సంబంధం లేదు. ఆ గుర్తును ఎవరూ చదవకపోయినా అంతే.

ఎలక్ట్రాన్ పాములా మెలికలు తిరుగుతూ పోతున్న బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే నమ్మకు.

ఇక చేతిలెక్క ఒకటి చెయ్యి, భయం పోతుంది. 1924లో డి బ్రోయీ ఇచ్చిన సూత్రం ప్రకారం ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో రావాలంటే 1.226ను, దాన్ని వేగం పెంచి పంపిన వోల్టుల వర్గమూలంతో భాగిస్తే చాలు. 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీదికి 54 వోల్టుల ఎలక్ట్రాన్లను పంపితే చెదిరి వచ్చిన ఎలక్ట్రాన్ల సంఖ్యలో 50 డిగ్రీల దగ్గర గట్టి శిఖరం వచ్చింది. అక్కడ పరమాణువుల వరసల మధ్య దూరం 0.215 నానోమీటర్లు. దాన్ని సైన్ 50తో గుణించు, శిఖరం నుంచి వచ్చే తరంగదైర్ఘ్యం అదే. సూత్రంలో 54 వోల్టులు పెట్టి ఇంకో జవాబు తియ్యి. రెండు జవాబులూ పక్కపక్కన రాసి, ఎంత తేడా వచ్చిందో నాకు పంపు.

మీ తాతయ్య