భయం పోకపోతే విశ్వాసం లేనట్టేనా?

సోదరికి వందనాలు. మీ భర్తకు వచ్చే వారం గుండె ఆపరేషన్ ఉందని, ఎంత ప్రార్థించినా రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చి వణుకు పుడుతోందని, ఇది అవిశ్వాసమేమోనని మీరు కాజీపేట నుండి రాశారు. కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు తానే మిక్కిలి కలత చెంది, ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తన యొద్ద నుండి తొలగిపోవాలని ప్రార్థించాడు. అంతేకాక, తనతో మెలకువగా ఉండమని ముగ్గురు శిష్యులను అడిగాడు. కాబట్టి మీరు ఈ భారాన్ని ఒక్కరే మోయకండి; సంఘంలోని ఇద్దరు ముగ్గురు స్త్రీలకు ఆపరేషన్ తేదీ చెప్పి, ఆ రోజు ఆసుపత్రికి తోడు రమ్మనండి. మనవాళ్లు అడిగితే కాదనరు గాని, అడగనిదే ఊహించరు.

మెలకువ వచ్చినప్పుడు బైబిల్లోని 42వ కీర్తనను మీ చెవికి వినబడేలా చదవండి. అందులో కీర్తనకారుడు దేవునితోనే కాక, కుంగిపోయిన తన ప్రాణంతో కూడా మాట్లాడతాడు. మా అమ్మ హన్మకొండలో ఐసీయూలో ఉన్నప్పుడు, వరండాలో చాప మీద కూర్చుని నేను అదే చేశాను. భయం పోలేదు గాని, పొద్దుటి నుండి మూత తీయని టిఫిన్ డబ్బా తెరిచి రెండు ముద్దలు తినగలిగాను. సమస్త జ్ఞానానికి మించిన సమాధానం, అంటే దేవుడిచ్చే మనశ్శాంతి, గురించి అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసింది కూడా బంధకాలలో, అంటే చెరలో, ఉండే. నిద్రలేమి ఇలాగే సాగితే, ఆ సంగతి డాక్టరుకు కూడా చెప్పండి.