ప్రతికాయ, లసికె, బిళ్ల

ప్రశ్న: బెంగళూరులో మా అపార్ట్‌మెంటు సంఘం టీకా శిబిరం పెడుతోంది. కన్నడ కరపత్రాన్ని ఇక్కడి తెలుగువాళ్ల కోసం తెలుగు చేస్తున్నాను. అందులోని 'ప్రతికాయ'ను (యాంటీబాడీ) ప్రతిదేహం అనాలా, ప్రతిరక్షకం అనాలా? టీకాను చెప్పే 'లసికె'ను లసిక అని రాయొచ్చా? 'రోగనిరోధక శక్తి' రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి అలాగే ఉంచేశాను. 'చంకలో లింఫ్ గ్రంథి ఉబ్బవచ్చు' అన్నచోట మా అత్తగారు 'బిళ్ల కట్టొచ్చు' అని రాయమంటున్నారు. గవదబిళ్లలు అనుకోరా?

సమాధానం: ప్రతికాయ కన్నడంలో చక్కగా నడిచే మాటే. తెలుగులో రాస్తే మాత్రం తోపుడుబండి దగ్గర ప్రతి కాయా నొక్కి చూసి ఏరుకోవడమే గుర్తొస్తుంది. ప్రతిదేహమూ అంతే. ప్రతిదినంలోని 'ప్రతి' వేరు, ప్రతిబింబంలోది వేరు, ప్రతిపక్షంలోది వేరు. ఇక్కడ కావలసింది మూడోది. చదివేవాడికి తట్టేది మొదటి రెండూ.

అసలు తప్పు 'దేహం' దగ్గరుంది. 1891లో పాల్ ఎర్లిక్ జర్మన్‌లో 'ఆంటికోర్పర్' అన్నాడు. కోర్పర్ అంటే ఒళ్లే కాదు, పదార్థం కూడా. కంట్లో పడ్డ నలుసును డాక్టర్లు ఫారిన్ బాడీ అంటారే, ఆ 'బాడీ' ఇది. నలుసును మనం దేహం అనం కదా. ప్రతిరక్షకాన్ని విడదీసి చూస్తే రక్షకుడికి ఎదురు తిరిగేదన్న అర్థం కూడా లాగవచ్చు. అయినా బడి పుస్తకాలతో స్థిరపడిన మాట, అదే వాడండి. మొదటిసారి వచ్చినప్పుడు 'యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు' అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. దానితో పాటు వచ్చే 'ప్రతిజనకం' (యాంటీజెన్) దగ్గర చాలామంది తడబడతారు. యాంటీజెన్ క్రిమిని చంపేది కాదు. క్రిమి మీద ఉండి, ప్రతిరక్షకాలు పుట్టడానికి కారణమయ్యేది. ప్రతిజనకాలు క్రిములతో పోరాడతాయని రాస్తే దొంగ చేతికి లాఠీ ఇచ్చినట్టే.

నామవాచకాల కన్నా క్రియల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కరపత్రాల్లో ప్రతి కణమూ 'గుర్తించి పోరాడుతుంది'. జరిగేది అది కాదు. తెలుగులో ఈ పనికి మూడు వేర్వేరు మాటలున్నాయి. గాయంలోంచి బాక్టీరియా దూరితే కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరతాయి. అది ఫలానా బాక్టీరియా అని వాటికి తెలియదు. మన కణాల్లో లేని, బాక్టీరియా గోడల్లో ఉండే పదార్థాలను బట్టి పరాయిదని *పసిగడతాయి*, మింగుతాయి. చీములో ఎక్కువ భాగం అలా మింగి చచ్చిన కణాలే. ఈలోగా డెండ్రైటిక్ కణాలు అనే కాపలా కణాలు క్రిమిని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని దగ్గరి లింఫ్ కణుపుకు (మీ కరపత్రంలోని లింఫ్ గ్రంథి ఇదే) మోసుకెళ్తాయి. టీ కణాలు అనే మరో రకం తెల్లకణాలు అక్కడ ఆ ముక్కను చూసి *పోల్చుకుంటాయి*. వాటికి క్రిమి మొత్తం కనబడదు, చూపించిన ముక్కే కనబడుతుంది. ముక్క ఏ కణం గ్రాహకానికి, అంటే దాన్ని పట్టే భాగానికి, సరిపోతే ఆ కణమే వేలల్లో పెరుగుతుంది. పోల్చడం, పోల్చుకోవడం రెండూ ఒకే ధాతువులో ఉన్న భాష మనది. ఇంతకన్నా అతికే క్రియ నాకు కనబడదు. బీ కణాలు అనే ఇంకో రకం తెల్లకణాలు ప్రతిరక్షకాలను తయారుచేయడానికి సుమారు వారం పడుతుంది. అదే క్రిమి మళ్లీ వస్తే జ్ఞాపక కణాలు *గుర్తుపడతాయి*. పాత ముఖాన్నే గుర్తుపడతాం కాబట్టి ఈ మాటను మొదటి రాకకు వాడకూడదు. రెండోసారి రోజుల్లోనే పని మొదలవుతుంది.

ఇక ప్రతిరక్షకాలు 'చంపుతాయి' అనకండి. చీలిన పంగలకర్ర ఆకారంలో ఉండే ప్రోటీన్ అది. రెండు కొసలతో క్రిమిని *పట్టుకుంటుంది*. వైరస్ కణంలోకి దూరకుండా అడ్డుపడుతుంది. దాని పిడిని భక్షక కణం అందుకుని క్రిమిని మింగుతుంది. మీ కరపత్రంలో 'టీకా వేసుకోగానే రక్షణ వస్తుంది' అన్న వాక్యం ఉంటే ఆ '-గానే' తీసేయండి. చాలా టీకాలకు రెండు వారాలు పడుతుంది.

మీ అత్తగారి మాటే సరైనది. కణాలు అలా పెరిగేది లింఫ్ కణుపులోనే, అందుకే అది ఉబ్బుతుంది. కాలికి పుండైతే గజ్జల్లో, చేతికి సూది వేస్తే అదే వైపు చంకలో బిళ్ల కడుతుంది. 'బిళ్ల కట్టడం' అన్నది ఆ ఉబ్బునే పట్టి చెప్పే తెలుగు. దాన్ని గ్రంథి అనడం నాకంత నచ్చదు, అది ఏ రసాన్నీ స్రవించదు. చెరకు కణుపులాగా దారి మధ్యలో ఉండేది కాబట్టి కణుపు మేలు. గవదబిళ్లలు వేరు. అవి చెవుల కింద, దవడ దగ్గర లాలాజల గ్రంథులకు వైరస్ సోకి వచ్చే వాపు. 'చంకలో' అన్న మాట ముందుంటే ఎవరూ పొరబడరు.

లసికెను లసిక అని మాత్రం రాయకండి. సంస్కృతంలో లసిక అంటే ఒంట్లో ఊరే పల్చని రసం, అంటే లింఫ్. మశూచి టీకాకు దూడ ఒంటి మీది పొక్కుల నుంచి తీసే పదార్థాన్ని ఇంగ్లీషులో లింఫ్ అనే పిలిచేవారు. 1899లో మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది దాన్ని తయారుచేయడానికే. కన్నడం రసాన్ని పట్టుకుంది, మనం హిందీ నుంచి బొట్టు అని అర్థమున్న 'టీకా'ను తెచ్చుకుని చేతి మీది మచ్చను పట్టుకున్నాం. టీకాతాత్పర్యాలలోని టీకకు దీనితో చుట్టరికం లేదు.

'రోగనిరోధక శక్తి'ని మనిషి గురించి చెప్పేటప్పుడు ఉంచండి. వ్యవస్థను చెప్పేచోట 'రక్షణ వ్యవస్థ' అనండి. శక్తి అనగానే పెరగడం, తగ్గడం తప్ప వేరే క్రియ తోచదు. బెంగళూరులో పుప్పొడికి తుమ్మేవాడికి ఏదీ తగ్గలేదు. హాని చేయని పుప్పొడిని అతని రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడింది. కీళ్లవాతంలో సొంత కీళ్లనే పొరబడుతుంది. వీళ్లకు 'శక్తి పెంచుకోండి' అని రాయడం భాషలోనూ తప్పే, వైద్యంలోనూ తప్పే.

మీ వాక్యం ఇలా ఉంటే చాలు: 'టీకా వేసిన చేతివైపు చంకలో బిళ్ల కట్టవచ్చు, క్రమంగా తగ్గిపోతుంది. తగ్గకుండా గట్టిపడితే డాక్టరుకు చూపించండి.'