నాలుగు పళ్లు, రెండు సలహాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా పాపకు నాలుగున్నరేళ్లు. పైన ముందు పళ్లు రెండూ గోధుమరంగుకు తిరిగి, అంచులు కొద్దిగా రాలాయి. కింద కుడివైపు చివరి దవడ పన్నులో నల్లగా గుంట పడింది. అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి గానీ నొప్పి లేదంటుంది. ఎడమవైపు, చివరి పన్నుకు ముందున్న దవడ పన్ను మాత్రం నెల కింద రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. తర్వాత చిగురు మీద చిన్న పొక్కు లేచి, చితికింది. నొప్పి దానంతటదే పోయింది. ఒక డాక్టరు నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయాలి, మత్తిచ్చి ఒకే రోజు చేసేద్దాం అన్నారు. 45 వేలు అవుతుందట. ఇంకొకాయన ‘పాలపళ్లే కదమ్మా, ఊడిపోయేవాటికి ఖర్చెందుకు’ అన్నారు. మా అత్తమ్మదీ అదే మాట. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి కూడా ఉంది. మాది నల్లగొండ జిల్లా కదా, ఫ్లోరైడ్ అంటే భయంతో అది లేని పేస్టే వాడుతున్నాం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఇద్దరు డాక్టర్లూ చెరి సగం నిజం చెప్పారు. నాలుగు పళ్లనూ ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు పేచీ. పిల్లల నోరు చూసేటప్పుడు నేను ఒక్కో పన్ను దగ్గర ఆగి రెండు విషయాలు చూస్తాను. ఇది ఊడటానికి ఇంకా ఎన్నేళ్లుంది? పుచ్చు నరం దాకా పోయిందా?

ఎడమ పన్నుతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని మీరు ‘దానంతటదే పోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నొప్పి పోయింది పన్ను బాగుపడి కాదు. లోపల నరం చచ్చిపోయి ఉంటుంది. చీముకు చిగురులోంచి దారి దొరికింది, ఒత్తిడి తగ్గింది, పాప నిద్రపోతోంది. అంతే. పాలపన్ను పై పొర పెద్దవాళ్ల పన్నుతో పోలిస్తే దాదాపు సగం మందమే, లోపల నరం ఉండే గదేమో పెద్దది. అందుకే నిన్న చుక్కలా కనిపించింది కొన్ని నెలల్లో నరాన్ని తాకేస్తుంది. పైగా ఆ వేర్ల మధ్యే, ఎముకలో, రేపు రావలసిన పన్ను తయారవుతోంది. చీమును అక్కడ ఏళ్ల తరబడి ఉండనివ్వకూడదు.

ఈ పన్ను మామూలుగా తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య ఊడుతుంది. అంటే ఇంకా ఐదారేళ్ల పని ఉంది. ముందు ఎక్స్-రే తీయించండి. వేర్లు బాగుంటే లోపలంతా శుభ్రం చేసి, మందు నింపి, క్యాపు వేస్తారు. ఆ మందు పాలపన్ను వేరుతో పాటు కరిగిపోయేది కావాలి. పెద్దవాళ్ల రూట్ కెనాల్‌లో నింపేది కరగదు. వేర్లు, చుట్టూ ఎముక బాగా దెబ్బతిని ఉంటే తీసేయడమే మేలు. తీస్తే మాత్రం ఆ ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ పెట్టాలేమో తప్పకుండా అడగండి.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు ఒక ఐదేళ్ల బాబుకు కింద చివరి పాల దవడ పన్ను తీశాను. తీగ సంగతి చెప్పాను గానీ వాళ్ల నాన్న ఖర్చు అనగానే నేనూ పట్టుబట్టలేదు. ఆరేళ్లకు వెనక వచ్చిన పెద్ద దవడ పన్ను ఆ ఖాళీలోకి జరిగిపోయింది. పదకొండో ఏట వాడు మళ్లీ నా కుర్చీలో కూర్చునే సరికి కొత్త పన్నుకు చోటు లేదు, ఎక్స్-రేలో పక్కకు ఒరిగి కనిపించింది. తీగకు వెనకాడిన ఆ తండ్రి, తర్వాత రెండేళ్ల పాటు క్లిప్పులకు కట్టుకుంటూ వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఫిల్ము ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

కుడివైపు చివరి పన్ను కథ వేరు. నొప్పి లేదు, పొక్కు లేదు. కానీ పది, పన్నెండేళ్ల దాకా నమలాల్సిన పన్ను, కాబట్టి వదిలేయడం కుదరదు. ఎక్స్-రేలో పుచ్చుకూ నరానికీ మధ్య గట్టి పొర మిగిలుంటే నేనైతే రూట్ కెనాల్ జోలికి వెళ్లను. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే డెంటిస్టు పేరు మీద హాల్ టెక్నిక్ అని ఒకటుంది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు లేదు. అవసరమైతే కొన్ని రోజుల ముందు పళ్ల మధ్య చిన్న రబ్బరు రింగులు పెట్టి చోటు చేస్తారు. తర్వాత స్టీలు క్యాపులో సిమెంటు నింపి పన్ను మీద నొక్కేస్తారు. లోపల పుచ్చుకు తిండి అందక అది అక్కడే ఆగిపోతుంది. మొదట్లో ఆ పన్ను ఎత్తుగా తగులుతుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. క్యాపు వేయించుకున్న ఒక పాప ఇంటికెళ్లి ‘డాక్టరమ్మ నా పన్నుకు గిన్నె బోర్లించింది’ అని చెప్పిందట. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ముందు పళ్లు ఆరు, ఏడేళ్లకు ఊడతాయి. నొప్పి లేదు కాబట్టి పుచ్చు ముదరకుండా ఆపితే చాలు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని చిన్న బ్రష్షుతో పూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. ఆరు నెలలకోసారి మళ్లీ పూయాల్సి రావచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చిక్కల్లా ఒకటే, పుచ్చిన చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. పెళ్లి ఫొటోల్లో పాప నవ్వు గురించి మీకు టెన్షన్ ఉంటే నెల ఆగి పూయించండి, లేదా తెల్ల ఫిల్లింగ్ అడగండి. ముందు పళ్లు పెళ్లి దాకా ఆగుతాయి. చీము పన్ను ఆగదు. ఈలోగా ముఖం వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మీ అంతట మీరు యాంటీబయాటిక్ కొని వేయొద్దు. లవంగ నూనె కూడా వద్దు, చిన్నపిల్లల చిగురు కాలుతుంది.

మరి మత్తు? నోరంతా పుచ్చిన రెండు మూడేళ్ల పిల్లలకు, కుర్చీలో అసలు కూర్చోని పిల్లలకు అది అవసరమే. మత్తు డాక్టరు, ఆసుపత్రి వసతి ఉన్న చోట చేయించాలి. మీ పాప కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే, నేను చెప్పిన పనికి అది అక్కర్లేకపోవచ్చు.

బ్రిటన్‌లో దవడ పళ్లు పుచ్చిన 3–7 ఏళ్ల పిల్లలు 1,144 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు డ్రిల్లు, ఫిల్లింగు. ఇంకో గుంపుకు పుచ్చును లోపలే మూసేయడం. మూడో గుంపుకు జాగ్రత్తలు మాత్రమే. దాదాపు మూడేళ్ల తర్వాత నొప్పి, చీము విషయంలో మూడు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రతి గుంపులోనూ పది మందిలో సుమారు నలుగురికి బాధ తప్పలేదు. ఇది చూపించి ‘చూశారా, వదిలేయొచ్చు’ అనేవాళ్లున్నారు. మొదట్లోనే నొప్పి, చీము ఉన్న పిల్లల్ని అందులో చేర్చుకోలేదని వాళ్లు చెప్పరు. నాకు అందులో కనిపించింది, పన్నుకు ఏం చేశామన్న దాంతోనే పని అయిపోదని.

అందుకే ఒకటి అడుగుతాను, మీరు రాయలేదు గానీ, పాపకు రాత్రి పాలసీసా చాలాకాలం ఉందా? పై ముందు పళ్లు పుచ్చి కింది ముందు పళ్లు బాగుంటే నాకు వెంటనే సీసా గుర్తొస్తుంది. సీసా తాగేటప్పుడు కింది పళ్లను నాలుక కప్పేస్తుంది, లాలాజలం కడిగేస్తుంది. పాలు నిలిచేది పై పళ్ల వెనకే. ఇప్పటికీ ఉంటే పాలలో చక్కెర తగ్గిస్తూ, నీళ్లు పెంచుతూ రెండు వారాల్లో మానిపించండి. బ్రష్ చేశాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఇక ఫ్లోరైడ్. వంగిపోయిన నడుములు చూసిన జిల్లా మీది, ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఆ జబ్బు తెచ్చింది ఏళ్ల తరబడి తాగిన నీళ్లు. పేస్టు పూసి ఉమ్మేసేది. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత, రోజుకు రెండుసార్లు, మీ చేత్తో మీరే తోమండి. ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించనివ్వకండి. తాగేది బోరు నీళ్లయితే పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముందు నీళ్లు మార్చండి. అప్పటిదాకా పేస్టు బియ్యపు గింజంత చాలు.

అన్నట్టు, ఆరో ఏట చివరి పాలపన్ను వెనక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది తొంగిచూడగానే డాక్టరుకు చూపించి, పన్ను మీది గాడులు పుచ్చకుండా మూసే సీలెంట్ అనే పూత వేయించండి. అత్తమ్మగారికి కూడా అద్దంలో చూపించి చెప్పండి, ఇది ఊడేది కాదని.